ఒక్క తల, ఇద్దరు దేవుళ్ళు

చిన్న తాతకు రెండు పేర్లెందుకంటే బిడ్డా, ఉన్నది ఒక్క తల, మొక్కినోళ్ళు ఇద్దరు, అందుకు. మొన్న ఫోన్ల వీడియో చూసుకుంట అడిగినవ్ గదా, గుట్ట మీద కొబ్బరికాయల దుకాణమాయన యాదగిరన్నా అంటే ఇటు తిరిగిండు, మన గల్లీ పిల్ల మల్లేశం తాతా అంటే అటు తిరిగిండు, మరి ఆధార్ కార్డుల ఏముందో అని. రెండూ ఉన్నయ్. యాదగిరి మల్లేశం అని ఒకదాని పక్కకు ఒకటి ఉన్నయ్. ఎట్లొచ్చినయో చెప్త, జర తీరికగ ఇను. మీ పుణెల వానలంటున్నరు, బయటికి పోయేది లేదు గదా. మీ అక్కను గూడ పిలువు. ఇది నేను చెప్పకుంటే మీకు చెప్పేటోళ్ళు లేరు. మీ అమ్మకు సగమే ఎరుక, మీ చిన్న తాతకు ఆ సగం గూడ సక్కగ యాదికి లేదు.

మొన్న గుట్టకు పోయినమంటే ఇప్పుడదేం పెద్ద ప్రయాణం కాదు. యాదగిరిగుట్టను మేం ఉత్తగ గుట్ట అనే అంటం, ఇంకే గుట్ట ఉన్నదన్నట్టు. నాచారంల పొద్దుగాల చాయ తాగి కార్ల కూసున్నం. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ మెట్రో కిందికెల్లి, ఆ కొత్త బ్రిడ్జి స్తంభాల నడుమకెల్లి మెల్లగ జరుగుకుంట పోయి, పోచారం దాటినంక ఇగ ఎక్కడ ఆగలే. గుడి చూస్తే నా కండ్లు నిండినయ్. అంతా నల్లరాయి, అంత ఎత్తు గోపురాలు, రాతిల చెక్కిన ఏనుగులు, ముసలోళ్ళు నడవకుండ చిన్న బండ్లు. మా చిన్నప్పుడు స్వామి ఇరుకు గుహల ఉండె, వంగి వంగి పోయి మొక్కుతుంటిమి. ఇప్పుడు రాజు లెక్క ఉన్నడు. మనోడు పెద్ద ఇల్లు కట్టుకుంటే ఎట్లుంటది, గట్ల అనిపించింది నాకు. కానీ తలనీలాలు తీసే కాడికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే ఆగినయ్. ఒక పిల్లగాడు మేనమామ ఒళ్ళె కూసొని గొంతు చించుకుంటుండు, వాళ్ళ అమ్మమ్మ ఫోన్ పట్టుకొని వీడియో తీస్తుంది, చూడు నాన్నా ఇటు చూడు నాన్నా అనుకుంట. మీ చిన్న తాత తన బట్టతల తడుముకొని, అక్కా, నాది ఇక్కడ సగమే తీసిన్రు గదా, అన్నడు. అవును, సగమే.

అప్పటి నాచారం మీరు చూసిన నాచారం కాదు. కంపెనీలు అప్పుడప్పుడే లేస్తున్నయ్. మా గల్లీ ముంగట రోడ్డు, రోడ్డుకు అవతల కంపెనీ గోడ, వెనకకు పోతే జొన్న చేన్లు. పొద్దుగాల సైరన్ కూస్తే మా నాయిన సైకిల్ తీస్తుండె. గాలి ఇటు తిరిగిననాడు బిస్కెట్లు కాలుతున్న వాసన, అటు తిరిగిననాడు రబ్బరు వాసన. ఆ రెండింటి నడుమ మా నాయనమ్మ సాంబ్రాణి పొగ. మా ఇంటికి పెద్ద ఆమెనే. మా ఇంటి దేవుడు కొమురెల్లి మల్లన్న. ఆదివారం వచ్చిందంటే ఆమె కోడి కూయకముందే లేచి, అరుగు అలికి, కుంకుడుకాయ రసంతోని తలకు పోసుకొని, కొత్త కుండల బెల్లం అన్నం ఒండుతుండె. మల్లన్న కాడికెల్లి తెచ్చిన పసుపును బండారి అంటరు. అది డబ్బీలకెల్లి తీసి అందరి నొసళ్ళకు పూసేదాక ఎవరం మెతుకు ముట్టొద్దు. మా నాయిన ఆదివారం డ్యూటీ ఉంటే, ఆ పసుపు నొసలుతోనే కంపెనీకి పోతుండె. అక్కడ నవ్వుతుండిరంట. నవ్వితే నవ్వనీ, మిషన్ల చెయ్యి పోకుండ ఆయనే చూస్తడు అని నాయనమ్మ అంటుండె.

ఉప్పల్ల ఉన్నది మా అమ్మమ్మ, అంటే మా అమ్మను కన్న తల్లి. నాలుగు బర్రెలు, రేకుల కొట్టం, వరంగల్ రోడ్డు మీదికి తెరుచుకునే తలుపు. ఆమె కాడికి పోతే పచ్చిపాల వాసన, పిడకల వాసన, వాటి మీదికెల్లి ముక్కుపొడి వాసన. ఆమె దేవుడు గుట్ట మీది లక్ష్మీనర్సింహస్వామి. గుట్టకు పోయే బస్సులన్నీ ఆమె ఇంటి ముంగటికెల్లే పోవాలె. బస్సు కనబడ్డదంటే పాలు పిండేది ఆపి చేతులు జోడిస్తుండె. చదువు రాదు, బోర్డు చదవదు. అయినా గుట్టకెల్లి ఎనకకు వచ్చే బస్సేదో పట్టేస్తుండె. కిటికీ పక్కన కూసున్నోళ్ళ గుండ్లకు చందనం ఉంటది గదా, అది చూసి. ఒకసారి నేనడిగిన, అమ్మమ్మా, దేవుడు గుట్ట మీదుంటే బస్సుకు మొక్కుతవేంది అని. స్వామిని చూసొచ్చిన కండ్లు అండ్ల ఉన్నయ్ గదనే, అన్నది.

నాకు తమ్ముడు, అదే మీ చిన్న తాత, పుట్టిండు. ఇంక బోర్ల గూడ పడకముందే జ్వరం పట్టుకున్నది. పాలు తాగడు, ఏడ్వడు. పెద్ద దవాఖానకు తోల్కపోయిన్రు. నేను ఇంట్ల పక్కోళ్ళ కాడ ఉన్న, అందుకే అక్కడిది అంతా తర్వాత ఇన్నదే చెప్తున్న. వరండాల మా అమ్మ పిల్లగాణ్ణి ఒళ్ళె ఏసుకొని కూసున్నది. డాక్టర్లు ఏం చెప్పలేమన్నరు. నాయనమ్మ నల్లా కాడికి పోయి మొఖం కడుక్కొని, మల్లన్నా, వీణ్ణి బతికిస్తే వీని పుట్టెంటికలు నీకే అని మొక్కింది. అదే టైముల మెట్ల కాడ అమ్మమ్మ, నర్సింహా, వీణ్ణి నిలబెడితే పుట్టెంటికలు నీకే అని మొక్కింది. ఒకరిది ఒకరికి తెల్వదు. తెల్లారేసరికి జ్వరం దిగింది, పిల్లగాడు పాలు తాగిండు. పుట్టెంటికలంటే ఏందో మీకు చెప్పాలె. పుట్టినప్పుడు నెత్తి మీద వచ్చిన ఎంటికలు, దేవుని కాడ తీయించేదాక కత్తెర ముట్టనియ్యరు. అవి దేవుని సొమ్ము. ఒక్కసారి తీస్తే అయిపోయినట్టే, ఆ తర్వాత వచ్చేటియి ఉత్త ఎంటికలు.

సంగతి బయటపడ్డది రిక్షాల. దవాఖానకెల్లి ఇంటికి వస్తుంటే నాయనమ్మ మెల్లగ, ఇగ మంచి వారం చూసి కొమురెల్లికి పోవాలె, వీని పుట్టెంటికలు మొక్కిన, అన్నదంట. అమ్మమ్మ రిక్షా ఆపుమన్నది. అదేంది వదినె, నేను గుట్టకు మొక్కిన గదా అన్నది. రిక్షాయన నవ్విండు. ఇద్దరూ కలిసి ఆయన్ను తిట్టిన్రు. ఆ తర్వాత మల్ల ఇద్దరు కలిసి ఒక్కరిని తిట్టనీకి మస్తు ఏండ్లు పట్టింది, అది ముంగట చెప్త. ఎవరు ముందు మొక్కిన్రో వాళ్ళదే నిలుస్తదని గల్లీ పెద్దాయన చెప్పిండు. ఇద్దరూ నేనే ముందంటే నేనే ముందన్నరు. ఎవరి చేతికి గడియారం ఉండె గనక. మొక్కింది ఎనకకు తీసుకునేది లేదు. తీసుకుంటే పిల్లగానికి మల్ల జ్వరం వస్తదేమోనని ఇద్దరికీ గుండెల భయం. బయటికి కొట్లాట లెక్క కనబడ్డది గానీ, అది లోపల భయమే బిడ్డా.

నాయనమ్మ కాడ ఒక బలం ఉండె. పుట్టెంటికలు ఇంటి దేవునికే పోవాలె, ఇంటి పేరు మాది, పిల్లగాడు మాయింటోడు. అమ్మమ్మ కాడ ఇంకొక బలం ఉండె. మేనమామ ఒళ్ళె కూసోబెట్టుకుంటెనే మొదటి కత్తెర పడాలె, ఆ మేనమామ నా కొడుకు బాలయ్య, నేను పంపకుంటే ఎవరి ఒళ్ళె కూసోబెడతరు? పండుగలకు కలిస్తే దేవుళ్ళ మీద మాటలు ఇసురుకుంటుండిరి. మా మల్లన్న గొర్ల కాపరి వదినె, పిలిస్తే చెప్పులేసుకొని ఉరికొస్తడు, మీ స్వామి గుట్టెక్కి గుహల కూసున్నడు, ఆయన దిగొచ్చేసరికి పిల్లగాని పెండ్లయితది, అని నాయనమ్మ అంటుండె. కంబం పగలగొట్టుకొని పిల్లగాని కోసం వచ్చినోడు మా స్వామి, నాచారం దాక రాలేడా, అని అమ్మమ్మ ముక్కుపొడి పీల్చుకుంట అంటుండె. మా నాయిన ఎటు మాట్లాడినా తప్పే. అందుకే ఇద్దరూ ఒక్క కాడ కూసున్నరంటే ఆయన సైకిల్ తీసి, డ్యూటీ ఉన్నదని పోతుండె. ఆయనకున్నన్ని డ్యూటీలు ఆ కంపెనీల ఇంకెవరికి లేకుండె. పేరు గూడ రెండయింది. నాయనమ్మ మల్లేశా అని పిలుస్తుండె, అమ్మమ్మ యాదగిరీ అంటుండె. మా అమ్మ చిన్నోడా అంటుండె. మా అమ్మ ఏ దిక్కు మాట్లాడలే. ఆమెను గల్లీల నోరు లేని కోడలు అంటుండిరి.

ఎంటికలు మటుకు ఎవరి కోసం ఆగుతయ్. పెరిగి చెవుల మీదికొచ్చినయ్, మెడ మీదికొచ్చినయ్, వీపు మీదికొచ్చినయ్. మా అమ్మకు పొద్దున రెండు తలలు దువ్వే పని. ఆమె నన్ను దువ్వి, వాణ్ణి మోకాళ్ళ నడుమ ఇరికించుకొని, కొబ్బరినూనె పెట్టి, నడినెత్తికెల్లి మెడ దాక దారం పట్టినట్టు పాపిట తీసి రెండు జడలు అల్లుతుండె. నా రిబ్బన్లు పోయినయ్ ఆ జడలకు. ఎర్ర రిబ్బను నాకు పానం, అదే వానికి కావాలె. ఆదివారం కుంకుడుకాయ నురుగు కండ్లల్ల పడి వాడు ఒర్రుతుంటే, గల్లీల కుక్కలు గూడ లేచి పోతుండె. పేలు పడితే ఇద్దరికీ పడుతుండె. బస్సుల కండక్టరు, పాపను జర పక్కకు జరుపమ్మా అంటుండె. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టమొకామె, ఇద్దరూ ఆడపిల్లలేనా అని మా అమ్మ దిక్కు అయ్యో పాపమని చూసింది. వాడు చెడ్డీ ఇప్పి చూపెట్టిండు. ఆ చుట్టం మల్ల మా ఇంటికి రాలే.

బడి ఈడు వచ్చింది. మా అమ్మ వాణ్ణి చెయ్యి పట్టుకొని గవర్నమెంటు బడికి తోల్కపోయింది, నేను అదే బడి గనక ఎంబడి ఉన్న. పెద్దసారు మంచోడే. రెండు జడలు చూసి నవ్విండు, మొక్కుందా అని అడిగిండు. ఉందన్నది అమ్మ. పేరడిగితే రెండూ చెప్పింది. అయితే ఆ మొక్కేదో తీర్చుకొని రండి, ఇట్ల కూసోబెడితే పిల్లలు బతకనియ్యరు, పేరు గూడ ఒక్కటే అనుకొని రండి, చేర్చుకునే రోజులు దాటితే మల్ల వచ్చే ఏడే, అన్నడు. అమ్మ సరే అన్నది. చెరువు కట్ట మీదికెల్లి ఇంటికి వస్తుంటే, మా ఈడు పిల్లలు ఎనకకెల్లి ఒరే పోరీ ఒరే పోరీ అని అరిచిన్రు. మా తమ్ముడు రాయి తీసిండు. అమ్మ ఆ రాయి వాని చేతులకెల్లి మెల్లగ గుంజుకొని పారేసింది. ఆమె నడక మారింది, ఆమె ఎంబడి నేను ఉరకాల్సొచ్చింది.

ఆ వచ్చిన ఆదివారం అమ్మమ్మ పాల గిన్నె పట్టుకొని ఉప్పల్‌కెల్లి వచ్చింది. అమ్మ పొయ్యి కాడ జొన్నరొట్టెలు కొడుతుంది. రొట్టె కొడుతనే చెప్పింది, తల ఎత్తకుండ. కుడి జడ గుట్టకు, ఎడమ జడ కొమురెల్లికి. రెండు మొక్కులూ ఒక్క ప్రయాణంల తీరుద్దామన్నది. అరుగు మీదికెల్లి ఇద్దరు ముసలోళ్ళు ఒక్కసారే లోపలికొచ్చిన్రు. సగం గుండు అపశకునమని ఒకరు, దేవునికి ఎంగిలి పెట్టినట్టని ఒకరు. నాయనమ్మ ఆఖరికి, రేపు పిల్లగానికి ఏమన్నయితే అది నీ మీదనే ఉంటది, అన్నది. అదే వాళ్ళిద్దరి నోట రాని భయం, ఇన్నేండ్లు ఎవరూ ఎత్తుకోని మూట. అమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. నా మీదనే ఉండనీ అత్తమ్మా, అన్నది. అంతే. నేను ఆ మాటప్పుడు నాయనమ్మ మొఖం చూసిన. ఓడిపోయినట్టు లేదు, భుజం మీదికెల్లి ఏదో దించుకున్నట్టు ఉన్నది.

మరి ముందు ఎక్కడికి పోవాలె? అక్కడ మల్ల లేస్తదని అమ్మకు ఎరుకే. నాయనమ్మ ఒక్కతి ఉన్నప్పుడు, మొదటి కత్తెర మల్లన్నదే అత్తమ్మా, అన్నదంట. అమ్మమ్మను బస్టాపు దాక సాగనంపుకుంట, గుండు పూర్తయ్యేది స్వామి కాడనే అమ్మా, అన్నదంట. ప్రయాణం నాడు బస్సుల ఇద్దరూ ఎదురెదురు సీట్లల్ల కూసొని, పాపం ఓడిపోయిందని ఒకరినొకరు జాలిగ చూసుకున్నరు. మా నాయినకు ఆ రోజు గూడ డ్యూటీనే. బాలయ్య మామ ఒచ్చిండు, ఒళ్ళు కావాలె గదా.

సిద్దిపేట బస్సుల పోయి, అడ్డరోడ్డు కాడ దిగి, ఎడ్లబండి మీద కొమురెల్లి చేరినం. నేను కొమురెల్లిని తలుసుకుంటే నాకు ముందు పసుపు రంగు కనబడతది. నేల పసుపు, గాలి పసుపు, మనుషుల మొఖాలు పసుపు. ఒగ్గు పూజారులు డోలు కొట్టుకుంట మల్లన్న కత పాడుతున్నరు, నేల మీద రంగుల పొడులతోని పెద్ద పట్నం ఏసిన్రు, అంటే ముగ్గులాంటిదే గానీ దాంట్ల దేవుని ఇల్లంతా ఉంటది. గంగిరేగు చెట్టు కింద బోనాలు దించినం. ఆ తర్వాత తల తీసే ఆయన కాడికి పోయినం. బాలయ్య మామ ఒళ్ళె తమ్ముణ్ణి కూసోబెట్టుకుండు. అమ్మ ఆ రోజు పాపిట ఇంకింత సక్కగ తీసింది. ఎడమ దిక్కే తియ్యన్నా అన్నది. ఆయన కత్తి కింద పెట్టిండు. ఇది నేను చెయ్యనమ్మా, సగం గుండు దొంగలకు చేస్తరు, మల్లన్న ముంగట నాతోని ఈ పని చేయించకు, అన్నడు. జనం మూగిన్రు. నాయనమ్మ నేల చూస్తుంది, అమ్మమ్మ ఆకాశం చూస్తుంది. ఇగ ఎవరన్నా సర్ది చెప్తరా అని నేను బాలయ్య మామ దిక్కు చూసిన, ఆయన తమ్ముని కాళ్ళు పట్టుకునే పనిల ఉన్నడు. అప్పుడు మా అమ్మ, నోరు లేని కోడలు, అందరికీ ఇనబడేటట్టు మాట్లాడింది.

"మొక్కినోళ్ళు సగం సగం మొక్కలేదన్నా. ఇద్దరూ నిండుగనే మొక్కిన్రు. ఉన్నది ఒక్క తల. ఇంట్ల ఒక్క రొట్టె ఉంటే పంచేది ఎవరు? తల్లే గదా. నేను పంచుతున్న. నువ్వు తియ్యి."

ఆయన నీళ్ళతోని తల తడిపి, కత్తి తీసుకొని, పాపిట మీద వేలు పెట్టుకొని, గీత దాటకుండ తీసిండు. ఎడమ జడ నాయనమ్మ కొంగుల పడ్డది. మా తమ్ముడు ఏడ్వలే. తన తలను చెయ్యితోని తడుముకొని, ఇటు సల్లగుంది అటు ఎచ్చగుంది అని సంబురపడ్డడు. ఎడమ దిక్కు బండారి పూసిన్రు. అమ్మమ్మ తువ్వాల తీసి వాని తల చుట్టూ కట్టబోతే అమ్మ ఆపింది. దేవుని ముంగట చేసిందాన్ని మనుషుల ముంగట దాచుడెందుకు అన్నది. అందుకే మరునాడు పొద్దున జనగాం పోయి, అక్కడికెల్లి గుట్టకు పోయే బస్సు ఎక్కినప్పుడు, వాడు ఒక దిక్కు పసుపు గుండుతోని, ఒక దిక్కు ఎర్ర రిబ్బను జడతోని కిటికీ కాడ కూసున్నడు.

బస్సంతా వాణ్ణే చూస్తుంది. ముంగటి సీటుల కూసున్న ఒకాయన ఆగలేక, ఏందమ్మా, కత్తి నడుమల మొండిదయిందా, లేకుంటే పోరడు ఏమన్న దొంగతనం చేసిండా, అన్నడు. నవ్విన్రు కొందరు. నేను అమ్మను చూసిన, ఆమె మాట్లాడేటట్టు లేదు, ఆమె మాట్లాడేది అయిపోయింది. నాయనమ్మ లేచింది, నడుస్తున్న బస్సుల రాడు పట్టుకొని.

"మా పిల్లగాణ్ణి ఇద్దరు దేవుళ్ళు పంచుకున్నరు కొడుకా."

ఎనక సీటుకెల్లి అమ్మమ్మ అందుకుంది.

"నిన్ను ఒక్కడన్న అడిగిండా?"

బస్సు గొల్లుమన్నది, ఆయన గూడ నవ్విండు. నాయనమ్మ తన సీటుకు రాలే, పోయి అమ్మమ్మ పక్కకు కూసున్నది. అమ్మమ్మ ముక్కుపొడి డబ్బీ ఇచ్చింది. ముక్కుపొడంటే నాయనమ్మకు అసయ్యం, ఆ వాసన ఇంట్లకు రానియ్యకుండె. ఆ రోజు చిటికెడు తీసుకున్నది, ఆలేరు దాటేదాక తుమ్ముతనే ఉన్నది. దవాఖాన వరండాల నువ్వు ఎక్కడున్నవ్, నేను నల్లా కాడున్న, నేను మెట్ల కాడున్న, అని ఇద్దరూ మొదటిసారి కొట్లాట లేకుండ చెప్పుకున్నరు. ఇద్దరూ ఏడ్చిన్రు గూడ. మా అమ్మ ముంగటి సీటుల తమ్ముణ్ణి ఒళ్ళె ఏసుకొని, మిగిలిన జడను చేతులకు చుట్టుకుంట కూసున్నది.

అప్పుడు గుట్టంటే మెట్లే, ఎక్కాల్సిందే. పైన జబ్బులున్నోళ్ళు తడి బట్టలతోని గుడి చుట్టూ తిరుగుతున్నరు, నెలలకొద్ది అక్కడే ఉండి, స్వామి కలల్లకొచ్చి నయం చేస్తడని. గుండంల నీళ్ళు పండ్లు వణికేటంత సల్లగ ఉన్నయ్. పులిహోర వాసన, తడిసిన రాయి వాసన, తులసి వాసన. తల తీసే ఆయన తమ్ముణ్ణి చూసి, ఇది ఎవరు తీసిన్రమ్మా అన్నడు. మల్లన్న కాడ తీసిన్రు, మిగిలింది మీదే అన్నది అమ్మ. ఆయన నవ్వుకుంట కుడి జడ తీసిండు. అది అమ్మమ్మ కొంగుల పడ్డది. నిండు గుండు అయింది. చందనం చేతులకు తీసుకున్నది మా నాయనమ్మ. తన చేతితోనే కుడి దిక్కు పూసింది, నర్సింహా చల్లగ చూడు అనుకుంట. అమ్మమ్మ కొంగు ముడి ఇప్పింది. దాంట్ల కొమురెల్లి బండారి ఉన్నది, ఎప్పుడు కట్టుకున్నదో ఎవరం చూడలే. ఎడమ దిక్కు మల్ల పూసింది. మా తమ్ముని తల సగం పసుపు, సగం గంధం. ఆ ఒక్క తలను ఇద్దరూ ముద్దు పెట్టుకున్నరు.

దిగేటప్పుడు నడిమిట్ల మెట్ల మీద కూలబడి నాయనమ్మ, హమ్మయ్య, ఇగ మొక్కులన్నీ తీరినయ్, అన్నది. అమ్మ రెండు మెట్ల కిందున్నది. ఎనకకు తిరగకుండనే, మీయి తీరినయ్, అన్నది. అట్లని దిగుతనే ఉన్నది. ముసలోళ్ళు అలసటల పట్టించుకోలే, నేను ఇన్న.

బడిల పేరు రాసే నాడు ఇద్దరు ముసలోళ్ళు గేటు కాడ నిలవడ్డరు. పెద్దసారు పేరేందమ్మా అంటే, రెండు పేర్లూ రాయమన్నది అమ్మ. ముందు ఏది అన్నడు. ఎంటికలు ముందు మల్లన్నకు పోయినయ్ గదా సారూ, పేరుల స్వామి ముందుండనీ, అన్నది. యాదగిరి మల్లేశం. తర్వాత ఆ గల్లీల ఎవరూ మా అమ్మను నోరు లేని కోడలు అనలే. ఎవరింట్ల పంపకమున్నా, పంతమున్నా ఆమె కాడికే వచ్చిన్రు. అప్పటికెల్లి మన ఇంట్ల ఎవరు పుట్టినా కొమురెల్లిల మొదటి కత్తెర, గుట్ట మీద నిండు గుండు. మీ అమ్మకు అట్లనే చేసినం, నీకు అట్లనే చేసినం. మీ నాయినోళ్ళు ఇదేం ఆచారం, ఏ శాస్త్రంల ఉన్నది అని అడిగిన్రు. శాస్త్రంల లేదు. మీ ముత్తవ్వ జొన్నరొట్టె కొట్టుకుంట పెట్టిన ఆచారం. ఊరికి ఆచారాలు పెద్దోళ్ళు పెడతరంటరు, మా ఇంట్ల ఒకటి మా అమ్మ పెట్టింది. ఇది చెప్పుకోనీకి నాకు ఎంత గర్వమో మీకు ఎట్ల చెప్పాలె.

ఇప్పుడు కార్ల కూసుంటే ఒక్క పూటల రెండు గుళ్ళూ చూసి రావొచ్చు. మంచిదే, నా మోకాళ్ళు దండం పెడతయ్. అప్పుడు పోనీకి దినాలు పట్టేది, తీర్చనీకి ఏండ్లు పట్టేది, మొక్కు మనిషి లెక్క ఇంట్ల మన నడుమనే ఉండేది. మొన్న గుట్ట దిగినంక కార్ల మీ చిన్న తాతను అడిగిన, ఒరేయ్, తన మొక్కేందో అమ్మ నీకేమన్నా చెప్పిందా అని. నాకు తల సల్లగున్నదొక్కటే యాదికుందక్కా, అన్నడు. నేను అమ్మను అడగకుండ లేను బిడ్డా. పెండ్లయినంక అడిగిన, మీ అమ్మ పుట్టినంక అడిగిన, ఆఖరికి మంచంల ఉన్నప్పుడు తల దువ్వుకుంట అడిగిన. అడిగినప్పుడల్లా నా చెంప నిమిరి, అన్నం తిన్నవా అన్నది. ఇద్దరు ముసలోళ్ళు ఇద్దరు దేవుళ్ళను పట్టుకున్ననాడు, ఆ పిల్లగాణ్ణి ఒళ్ళె పట్టుకొని నువ్వు ఎవరిని పట్టుకున్నవే అమ్మా, ఏమిస్తనన్నవే?